పేరు పెట్టి పిలిస్తే కూర్చునే దెయ్యం

మొన్న మలేసియాలోని సుంగై పెటానిలో మా మునిమనవరాలు బడి వేడుకకని కొన్న దెయ్యం ముసుగు తొడుక్కుని నా మీదికి వంగింది. కొత్త రబ్బరు వాసన గుప్పుమంది. ఆ వాసనకి నా కళ్ల ముందుకు వచ్చింది మా తోట బడి, అందులో నరసమ్మ టీచర్.

అవి ఇక్కడ తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. మా రబ్బరు తోట కూలీల ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేశారు. అడవిలోని తిరుగుబాటుదారులకు చేరుతుందని పిడికెడు అన్నం కూడా గేటు దాటనిచ్చేవారు కాదు. నరసమ్మ టీచర్ తోట గుమాస్తాగారి కూతురు. ఇరవై దాటి ఎన్నేళ్లో కాలేదు. ఆ ఏడు మేనేజరు దొరసాని ఒక కబురు పంపింది. వాళ్ల దేశంలో ఆకులు రాలే కాలంలో దెయ్యాల పండగ చేసుకుంటారట. ఆ రోజు పిల్లలు బంగళాకి వచ్చి ఆ ఇంగ్లీషు మాటలు చెబితే మిఠాయిలు పంచుతుందట. గోస్ట్, విచ్, బ్యాట్, ఔల్.

టీచర్ వాటిని పలక మీద రాయించలేదు. ఒకరికి తెల్లదుప్పటి కప్పేది. ఆ పిల్ల చేతులు రెక్కల్లా ఆడిస్తే గబ్బిలం, కళ్లు గుండ్రంగా తిప్పితే గుడ్లగూబ, ఊరికే మీదికొస్తే దెయ్యం. సరైన ఇంగ్లీషు పేరు పెట్టి పిలిస్తే అది చచ్చినట్టు కూర్చోవాలి. "పేరు తెలిసినోలని దెయ్యమేటీ సెయ్యలేదు," అనేది.

నేను మాత్రం పిలిచేదాన్ని కాదు. ఆ ఆట మొదలైన కొత్తలోనే మా నాన్న టిఫిన్ క్యారియర్‌లో మిగిలిన అన్నంతో గేటు దగ్గర పట్టుబడ్డాడు. సైనికులు లారీలో ఎక్కించుకుపోయారు. ఆనాటి నుంచి నాకు మాట పడిపోయింది. మా అమ్మ ఏడిస్తే టీచర్, "దానికి తోసినప్పుడు మాటాడతాది వదినా, తొందర పెట్టకు," అంది. రోజూ నా వంతు వచ్చినప్పుడు అందరి కోసం ఆగినంతసేపూ నా కోసమూ ఆగి, తరువాతి పిల్ల దగ్గరికి వెళ్లేది.

ఒక ఉదయం ఆట మధ్యలో సోదాకి ఒక తెల్ల అధికారి లోపలికి వచ్చాడు. మొహమంతా బురద, భుజాన తుపాకి. పిల్లలు బల్లల కింద దూరారు. నేను కదల్లేకపోయాను. అతను నా ముందుకొచ్చి ఆగాడు.

"గోస్ట్. సిట్ డౌన్," అన్నాను.

అతను టీచర్ వైపు చూశాడు. ఆమె తడబడకుండా ఇంగ్లీషులో ఆట సంగతి చెప్పింది. అతను టోపీ తీసి, మా చిన్న బెంచీ మీద మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. టీచర్ అక్కడితో ఆగలేదు. ఈ పిల్ల వారం తరువాత నోరు విప్పిందనీ, ఎందుకు మూగపోయిందనీ చెప్పి, మా నాన్న పేరు కాగితం మీద రాసుకునేదాకా అతన్ని లేవనివ్వలేదు.

నాలుగో రోజున నాన్న ఇంటికొచ్చాడు. ఆ కాగితం వల్లేనని ఆయన చివరిదాకా నమ్మాడు. టీచర్‌తో అంటే మాత్రం, "నేనేటి సేసినాను? పిలిసింది మీ పిల్ల," అనేసేది.

మెర్డేకా, అంటే మా స్వాతంత్ర్యం, వచ్చేసరికి దొరసాని వాళ్ల దేశం వెళ్లిపోయింది. బడి ముందు కొత్త జెండా ఎగిరిన ఆ ఉదయమే టీచర్ చిన్నపిల్లల్ని పోగేసి అదే ఆట మొదలుపెట్టింది. ఇప్పుడు దాని పేరు తెలుగులో దెయ్యం, తమిళంలో పేయ్, మలయ్‌లో హంతు. "మూడు పేర్లతో పిలిస్తే మూడుసార్లు కూకోవాలి లా," అంటూ, ఇక్కడి అలవాటుగా చివర ఆ "లా" తగిలించి, తనే దుప్పటి కప్పుకుంది.

తరువాత నేనూ పసిపిల్లల టీచర్‌నయ్యాను. కొన్నేళ్ల కిందట డాక్టరు మా ఆయన జబ్బు గురించి చుట్టూ తిప్పి మాట్లాడుతుంటే, "దాని పేరేమిటో కాగితం మీద రాయండి డాక్టరుగారూ," అన్నాను. రాశాడు. ఇంటికొచ్చి ఇద్దరం ఆ పేరు పైకి చదివాం, నోరు తిరిగేదాకా రెండు మూడు సార్లు. అప్పుడు మా ఆయన అన్నం పెట్టమన్నారు. రెండు రోజులుగా సరిగా తినని మనిషి కడుపునిండా తిన్నది ఆ పూటే.