వద్దన్న చేతి ఎత్తు

మా ముత్తాతగారు బందరు కాలువ దిగువన ఏడు లంక గ్రామాలకు జమీందారు. ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళి పందిట్లోనైనా ఆయన మొదటి ముద్ద తీసుకునేదాకా ఎవరూ విస్తరి ముట్టేవారు కాదు. మా దివాణం భోజనశాలలో అతిథులు ఇత్తడి పూలు తాపిన టేకు పీటల మీద కూర్చునేవారు. మా తాతగారి కాలానికి లంకలు ఏడు నుంచి రెండయ్యాయి. మా నాన్నగారు ఆ రెండింటి కోసం కోర్టు వాయిదాలకు తిరుగుతూ జీవితం గడిపారు. మా వంశంలో ఒకరి దగ్గర జీతానికి పనిచేసిన మొదటి మనిషిని నేను. ఆహార సాంకేతిక శాస్త్రం చదివి, ముప్పై ఏళ్ళకు పైగా చిరుతిళ్ళ కర్మాగారాల్లో నాణ్యత చూశాను. చదివిన చదువు అక్కరకు రాక, మా భోజనశాల అక్కరకు వచ్చిన సందర్భం ఒకటి ఉంది. దాన్ని రాస్తున్నాను.

కరోనా నెమ్మదించిన మరుసటి వేసవిలో, నా పదవీ విరమణ దగ్గరపడిన రోజుల్లో, నన్ను నాణ్యతా విభాగం నుంచి కొత్తగా పెట్టిన రుచి పరీక్ష విభాగానికి అధిపతిగా వేశారు. కర్మాగారం విజయవాడ నుంచి హనుమాన్ జంక్షన్ వెళ్ళే దారిలో ఉంది. యజమాని చలపతిరావుగారు రైస్ మిల్లుతో మొదలుపెట్టి జంతికలు, మిక్చర్ల దాకా ఎదిగిన మనిషి. నన్ను "దొరసానిగారూ" అని పిలిచేవారు. వెటకారమని అందరికీ తెలుసు. వాస్తవానికి మరీ దూరం కాదు కనుక నేను అభ్యంతరం చెప్పలేదు.

కొత్త విభాగం పెట్టించింది ఆయన కూతురు శిరీష. ఆ అమ్మాయికి ఏళ్ళ తరబడి కడుపునొప్పి. చివరికి డాక్టరు గ్లూటెన్ పడదని తేల్చాడు. గోధుమ పిండిని తడిపి పిసికితే సాగుతుంది కదా, ఆ సాగే గుణాన్నిచ్చే మాంసకృత్తు పేరే గ్లూటెన్. కొందరి పేగులు దాన్ని ఏమాత్రం భరించలేవు. శిరీష పూరీ, బ్రెడ్డు, రవ్వ ఉప్మా మానేసింది. బందరు హల్వా గోధుమ పాలతో చేస్తారని తెలిసిన రోజు మాత్రం ఏడ్చిందట. తనలాంటి వాళ్ళ కోసం గోధుమ లేని, ఆరోగ్యకరమైన చిరుతిళ్ళు తయారుచేస్తానని తండ్రిని వెనకవైపు షెడ్డు అడిగింది.

చలపతిరావుగారు నా ఎదుటే షరతు పెట్టారు. "జనం కావాలని తినేది ఒక్కటి చూపించమ్మా, చాలు. చూపించలేదనుకో, దసరాకి ఆ షెడ్డు వాటర్ ప్లాంటు వాళ్ళకి అద్దెకిచ్చేస్తా. వాళ్ళమ్మేది నీళ్ళు. బాగాలేదనేవాడుండడు."

శిరీష సామల జంతికలు, జొన్న బిస్కెట్లు, అరటికాయ పిండి చక్రాలు, అవిసె గింజల చిక్కీ, రాగి రస్కు తయారుచేసింది. వీటికి తోడు మామూలు బియ్యప్పిండి చెక్కలు కూడా పెట్టమన్నాను. రుచి పరీక్షలో అందరికీ తెలిసిన పదార్థం ఒకటి పోలిక కోసం పెట్టడం పద్ధతి. దాన్ని గెలిపించడానికి పెట్టరు.

పద్ధతి అంతా నియమం ప్రకారమే నడిపాను. రుచి చూసేవాళ్ళను ప్యానెల్ అంటాం. ఆ పూట వాళ్ళు కిళ్ళీ వేసుకోకూడదు, సెంటు పూసుకోకూడదు. ఏది ఏమిటో తెలియకుండా తెల్లటి కప్పుల్లో గుర్తు అంకెలు వేసి ఇస్తాం. ఒకదానికీ మరొకదానికీ మధ్య నీళ్ళు పుక్కిలించి, నాలుగు మరమరాలు నమలాలి. తరువాత ఒకటి నుంచి తొమ్మిది దాకా మార్కు వేయాలి. ఒకటంటే బొత్తిగా నచ్చలేదని, తొమ్మిదంటే ఎంతో నచ్చిందని.

అన్నిటికీ తొమ్మిదే వచ్చింది.

అకౌంట్స్ సుబ్బారావుగారు రాగి రస్కు కొరికినప్పుడు ఆయన కట్టుడు పన్ను ఊడి చేతిలోకి వచ్చింది. దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, తొమ్మిది వేశారు. అదేమిటని అడిగితే, "పన్నే పాతదండీ. రస్కుదేం తప్పులేదు" అన్నారు.

ప్యాకింగు సూపర్‌వైజరు మంగతాయారును అవిసె చిక్కీ ఎలా ఉందని అడిగాను.

"బావుందండీ."

"ఏం బావుంది?"

చాలాసేపు ఆలోచించి, "నెమ్మదిగా ఉందండీ" అంది. చిక్కీ నెమ్మదిగా ఉండటమేమిటో నాకు ఈనాటికీ తెలియదు.

తరువాత పక్కకు పిలిచి నిలదీస్తే మంగతాయారు అసలు సంగతి చెప్పింది. "అమ్మాయిగారు పొయ్యి దగ్గర నిలబడి కష్టపడి చేశారు. మన ముందు పెట్టారు. బాలేదని ఏ నోటితో అంటామండీ? మీరైతే అంటారా?" నేను అననని ఆమెకు చెప్పలేదు.

చలపతిరావుగారికి ఫలితాలు అందాయి. "అన్నీ తొమ్మిదులే! అయితే అన్నీ దింపేద్దాం మార్కెట్లోకి" అని హాలంతా వినపడేలా అన్నారు. శిరీష నా గదిలోకి వచ్చి తలుపు వేసింది. "మేడమ్, ఆ రస్కు నేను పాలల్లో నానబెట్టినా మింగలేకపోయాను. దానికి తొమ్మిదేంటండీ? ఇవన్నీ కొట్లకు పంపితే, పంపిన ప్యాకెట్లు పంపినట్టే వెనక్కొస్తాయి. అప్పుడు నాన్నగారు షెడ్డుకు తాళం వేస్తే నేనేమనగలను? ఈ జిల్లాలో నిజం చెప్పేవాళ్ళే లేరా?"

శిరీష ఎవరో తెలియనివాళ్ళయితే నిజం చెబుతారని భవానీపురంలో ఒక అపార్ట్‌మెంటు మహిళల సంఘాన్ని ఎంచుకున్నాను. పేర్లు రాయనక్కరలేదు, కాగితాలు మడిచి డబ్బాలో వేస్తే చాలని చెప్పాను. ముందుగా వాళ్ళు మాకు కాఫీ ఇచ్చారు. తరువాత అన్నీ రుచి చూశారు. జొన్న బిస్కెట్టు తిన్న ఒకావిడ, "బావుందమ్మా, ఆవకాయ నంజుకుంటే ఇంకా బావుంటుంది" అంది. రాగి రస్కును మరొకావిడ కొరకకుండానే పర్సులో వేసుకుంది. "మా వారికి ఇవంటే ప్రాణం" అంది. ఆ రస్కు అప్పటికి మా షెడ్డు దాటి ప్రపంచంలో ఎక్కడా దొరికేది కాదు. డబ్బా తెరిస్తే మళ్ళీ తొమ్మిదులే. ఒకరు పది వేశారు. వచ్చేటప్పుడు శిరీష చేతిలో జాకెట్టు ముక్క, నా చేతిలో రెండు పెళ్ళి శుభలేఖలు ఉన్నాయి.

మా శాస్త్రంలో దీన్ని మర్యాద దోషం అంటారు. దానికి రహస్యంగా మార్కులు వేయించడమే మందని పుస్తకాల్లో ఉంది. ఆ పుస్తకాలు రాసినవారు కృష్ణా డెల్టాలో ఎన్నడూ భోజనానికి కూర్చోలేదు.

తిరుగు దారిలో శిరీష కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆ వాటర్ ప్లాంటాయన నిన్న వచ్చి షెడ్డు కొలతలు తీసుకెళ్ళాడు మేడమ్" అంది. దసరాకు ఎంతో వ్యవధి లేదు.

అప్పుడు నాకు మా నాయనమ్మగారు చెప్పిన మాట గుర్తుకొచ్చింది. మా ముత్తాతగారు అతిథిని వంట ఎలా ఉందని ఎప్పుడూ అడిగేవారు కాదట. అడగడం అమర్యాద, పైగా వచ్చే జవాబు ముందే తెలుసు. ఆయన బంతి చివర నిలబడి, మారు వడ్డన సమయంలో చేతులు చూసేవారు. మా ప్రాంతంలో రెండోసారి వడ్డించబోతే ప్రతివారూ వద్దంటారు. ఇష్టమైనా వద్దనే అంటారు, కాకపోయినా వద్దనే అంటారు. అంటూ విస్తరికి చెయ్యి అడ్డం పెడతారు. నిజంగా వద్దనుకున్నవారి చెయ్యి విస్తరికి అంటుకుని ఉంటుంది. కావాలనుకున్నవారి చెయ్యి పైకి లేస్తుంది, కింద ఒక గరిటె పట్టేంత సందు ఉంటుంది. ఏ వంటవాణ్ణి ఉంచాలో, ఎవరిని పంపించాలో ఆయన ఆ సందును చూసి నిర్ణయించేవారు.

మర్నాడు ప్యానెల్‌ను రద్దు చేస్తున్నానని, ఇంతకాలం శ్రమపడ్డందుకు వాళ్ళకు ఫలహారమని ప్రకటించాను. పీటలు లేవు కనుక ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, బల్లల మీద అరిటాకులు పరిపించాను. శిరీష వడ్డించింది. "నేను వడ్డిస్తే ఇంకా మొహమాటపడతారేమో మేడమ్" అంది. పడనీ, చేతికి మొహమాటం ఉండదని చెప్పాను. నేను బంతి చివర చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. మా వంశంలో వడ్డన చూసినవారే గాని వడ్డించినవారు లేరు.

కొలబద్ద ముందుగానే నిర్ణయించుకున్నాను. అరచెయ్యి ఆకుకు ఆనితే ఒకటి. నాలుగు వేళ్ళ ఎత్తున ఉంటే అయిదు. నోరు వద్దంటుండగా చెయ్యి బల్ల కిందికి పోతే తొమ్మిది.

మొదటిసారి వడ్డించినవన్నీ అందరూ తిన్నారు. ఆకులో వదలడం వాళ్ళకు తెలియదు. శిరీష రాగి రస్కుతో మారుకు వచ్చింది. సుబ్బారావుగారు రెండు చేతులూ ఆకు మీద పరిచి, వాటి మీదికి ఛాతీ వంచారు. "రస్కు అద్భుతమమ్మా! మొన్ననేగా తిన్నాను. పిల్లలకు ఉంచండి." ఒకటి కంటే తక్కువ మార్కు లేనందుకు విచారించాను. చిక్కీ వచ్చేసరికి మంగతాయారు ఆకును సగానికి మడిచేసింది. జొన్న బిస్కెట్టుకు బంతిలో ఒక్క చెయ్యీ లేవలేదు. సామల జంతికలకు రెండు వేళ్ళ సందు కనిపించింది.

చివరికి చెక్కలు వచ్చాయి. "వద్దమ్మా, వద్దు వద్దు" అంటూ సుబ్బారావుగారు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నారు. "అయ్యో, ఎందుకండీ ఇన్ని" అంటూ మంగతాయారు ఆకును ముందుకు జరిపింది. బంతి పొడుగునా అందరూ వద్దన్నారు, ఒక్క చెయ్యీ అడ్డం రాలేదు.

చలపతిరావుగారు విని పడీపడీ నవ్వారు. "బియ్యప్పిండి చెక్కలా! మా అమ్మ చేసేదే కదండీ దొరసానిగారూ. దీనికింత శాస్త్రమా?"

"గోధుమ లేనిది చేస్తానన్నాను నాన్నా. కొత్తది చేస్తాననలేదు" అంది శిరీష.

ప్యాకెట్టు మీద గ్లూటెన్ లేదని అచ్చు వేయాలంటే ప్రయోగశాల ధ్రువీకరించాలి. నమూనా పంపాం. అందులో గోధుమ ఉందని జవాబు వచ్చింది. అప్పుడు శిరీష బయటపెట్టింది, చెక్కలు తిన్న నాటి నుంచి తనకు కడుపులో బాగాలేదట. చెబితే నాన్నగారు ఆ రోజే షెడ్డు మూసేస్తారని దాచిందట. ఇద్దరం పిండిమర కడిగించాం, నూనె మార్పించాం, చెక్కలు ఒత్తే అచ్చు కూడా కొత్తది తెప్పించాం. మళ్ళీ అదే జవాబు. చివరికి శిరీష పోపు సామాను అలమార ముందు కూర్చుని ఒక్కొక్క డబ్బా వెనక ఉన్న సన్నక్షరాలు చదవసాగింది. ఇంగువ డబ్బా దగ్గర ఆగింది. దాని మీద మొదట జిగురు, ఆ తరువాత గోధుమ పిండి అని ఉంది.

అసలు ఇంగువ అంటే ఒక మొక్క వేరు నుంచి కారే పాలు గట్టిపడ్డ ముద్ద. దాని ఘాటు తట్టుకోలేం కనుక పొడి చేసేవాళ్ళు పిండి కలుపుతారు, తరచుగా గోధుమ పిండి. మా దివాణం వంటశాలలో ఏ పిండీ కలపని ముద్ద ఇంగువే వాడేవారు. అది గోధుమను చూసి కాదు, హోదాను చూసి. కారణం ఏదైనా ఫలితం మంచిదే కనుక ముద్ద ఇంగువ తెప్పించాం. మొదటి రోజు పొడి వేసే కొలతలోనే ముద్ద వేశారు. గేటు దగ్గరి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, గ్యాస్ ఎక్కడో లీకవుతోందని అందరినీ బయటికి పంపించాడు. తరువాత ఆవగింజంత ముద్దను నీళ్ళలో కరిగించి వాడాం. ఈసారి ప్రయోగశాల గోధుమ లేదంది.

దసరా ముందు వారం మళ్ళీ బంతి వేశాం. చలపతిరావుగారు కూర్చున్నారు. అడ్వాన్సు ఇవ్వడానికి వచ్చిన వాటర్ ప్లాంటాయనను కూడా పక్కన కూర్చోబెట్టారు. తినే వేళకు వచ్చినవారిని నిలబెట్టడం ఆయనకు చేతకాదు. శిరీష మొదటి వడ్డన చేసి, చెక్కల పళ్ళెంతో మారుకు వచ్చింది.

"నాకొద్దమ్మా, బీపీ. డాక్టరు నూనె వద్దన్నాడు" అని చలపతిరావుగారు అరచెయ్యి ఆకుకు ఆనించారు. శిరీష నా వైపు చూసింది. కదలవద్దని కళ్ళతోనే చెప్పాను. పక్కన వాటర్ ప్లాంటాయన "చాలండీ, చాలండీ" అంటూ ఆకును పళ్ళెం కిందికే తోశాడు. చలపతిరావుగారు అది చూశారు.

"వద్దంటున్నానా..." రెండు వేళ్ళ ఎత్తు.

శిరీష అలాగే నిలబడింది.

"చెబితే వినవేంటమ్మా నువ్వు..." నాలుగు వేళ్ళు దాటింది. ఆ చెయ్యి అక్కణ్ణుంచి పక్కకు జరిగి మంచినీళ్ళ గ్లాసు పట్టుకుంది. ఆ గ్లాసు ఖాళీగా ఉంది. శిరీష గుప్పెడు చెక్కలు ఆకులో వేసింది. ఆయన ఆకు వైపు చూడకుండానే అన్నీ నమిలి, "ఏముందిందులో, మామూలు చెక్కలేగా" అన్నారు. అప్పటికి రెండు చేతులూ ఒళ్ళో ఉన్నాయి. వాటర్ ప్లాంటాయనకు రెండు ప్యాకెట్లు ఇచ్చి, అడ్వాన్సు ఆయన జేబులోనే ఉంచుకోమని పంపించారు. ఆ షెడ్డులో ఈనాటికీ చెక్కలు చేస్తున్నారు.

నేను విరమించేదాకా రుచి పరీక్షలు అలాగే జరిగాయి. మళ్ళీ పెట్టిన ప్యానెల్ నోట చెప్పిన మార్కులు నియమం ప్రకారం నివేదికలో రాశాను. నిర్ణయాలు మాత్రం మారు వడ్డనలో చేతులు చూసి తీసుకున్నాను. ఆ ఉదంతం నాకు నేర్పిన రెండో సంగతి, డబ్బా వెనక సన్నక్షరాలు ముందే చదవాలని.

మా ముత్తాతగారి భోజనశాల పీటలు ఇప్పుడు లేవు. ఇత్తడి పూలు పీకి విడిగా, టేకు విడిగా, తూకానికి అమ్మేశాం.