మా అత్త తోమిన షాఫ్టు

మా అత్తకి బస్సెక్కితే వాంతులు. ఏసీ కారయితే తలుపు తీయంగానే తల తిరుగుద్ది. ఆమె కడుపు కుదురుగా ఉండేది మా పాత అంబాసిడర్లోనే. వెనక సీట్లో అద్దం దించుకుని, కాళ్ళు మడిచి కూర్చుందంటే మాచర్లలో వాళ్ళక్క ఇంటిదాకా హాయిగా పోయేది.

ఆమధ్య ఆ కారుకి వణుకు పట్టింది. కాస్త జోరందుకుంటే చాలు, కింద నుంచి దడదడా కొట్టుకునేది. మా ఆయన విసిగిపోయి, "ఈ ఒక్కసారి బాగు చేపిస్తా. కుదరకపోతే పాత ఇనప సామానోడికి తూకానికి ఇచ్చేస్తా" అన్నాడు. అత్త ఆ పూట అన్నం సగమే తిన్నది.

మెకానిక్ భాయ్‌ది మా వీధే. కారు కింద దూరి చూసి, "క్రాసులు అరిగిపోయినయి" అన్నాడు. ఇంజను తిరుగుడుని వెనక చక్రాలకి మోసుకుపోయే ఇనప గొట్టం ఉందే, అదే షాఫ్టు. దాని రెండు కొసలా రెండేసి చెవులుంటయి. ఆ చెవుల మధ్యన కూడిక గుర్తు మాదిరి బిగించే ముక్క క్రాసు. గొట్టం కూడా రెండు ముక్కలే, పళ్ళు పళ్ళుగా ఒకదాంట్లో ఒకటి దూరి కూర్చుంటయి. విడదీసే ముందు భాయ్ రెంటి మీదుగా సుద్దముక్కతో గీత గీసి, మళ్ళీ బిగించేటప్పుడు గీతకి గీత కలవాలన్నాడు. తర్వాత ముక్కల్ని మా అరుగు మీద పెట్టి, మా ఆయన్ని తీసుకుని కొత్త క్రాసుల కోసం నరసరావుపేట పోయాడు. పెరట్లో ఉన్న అత్త చెవిన గీత మాట పడలా.

వాళ్ళు తిరిగొచ్చేతలికి షాఫ్టు తళతళలాడతా ఉంది. అత్త బూడిదేసి, కొబ్బరి పీచుతో తోమి, పసుపు రాసి బొట్లు పెట్టింది. బోరు మోటరయినా, నాగలి కర్రయినా మా ఇంట్లో ఆమె చేతి బొట్టు పడందే బిగించరు. భాయ్ నోరు తెరిచి చూశాడు. "బాగా తోమావు పెద్దమ్మా" అన్నాడే గానీ గీత సంగతి ఎత్తలా. కంటి అంచనాతో కలిపి బిగించేశాడు.

కారు తీస్తే మునుపటికన్నా ఘోరం. ఊరి చివరిదాకా పోయొచ్చేసరికి ముందరున్న దేవుడి బొమ్మ ఊడి మా ఆయన ఒళ్ళో పడింది. ఆయన దిగీ దిగంగానే పాత ఇనప సామానోడికి చేద్దామని ఫోను తీశాడు.

"ఒరేయ్, ఫోను లోపల పెట్టు. ఆ అబ్బాయిని చెప్పనీ," అంది అత్త.

భాయ్ తల గోక్కున్నాడు. "కోప్పడొద్దు పెద్దమ్మా. నేను గీసుకున్న గీత నువ్వు తోమినప్పుడు పోయింది."

"ఆ మాట అప్పుడే చెప్పకేం రా, నోట్లో బెల్లం పెట్టుకున్నావా?"

"బొట్టు పెట్టినాక ఎట్టా చెప్పేది?"

"బొట్టు పెట్టింది గొట్టానికిగా, నీకా?"

మా ఆయనకి నవ్వాగలా. ఫోను జేబులోకి పోయింది.

షాఫ్టు మళ్ళీ ఊడదీసి నాపరాళ్ళ అరుగు మీద పడుకోబెట్టారు. ఒక కొస చెవులు రెండూ రాయికి ఆనినయి. రెండో కొసన ఒక చెవి పైకి లేచింది.

"అదిగో, వణుకు అక్కడే ఉంది. ఒక కొస ఇటు లాగితే ఇంకోటి అటు లాగిద్ది," అన్నాడు భాయ్.

"వియ్యపురాళ్ళ మాదిరి" అంది అత్త.

భాయ్ ముక్కలు బయటికి లాగి, ఒక్క పన్ను జరిపి, మళ్ళీ దూర్చి అరుగు మీద పెట్టాడు. అత్త ఒంగి ప్రతి చెవి కిందా తమలపాకు దూర్చబోయింది. నాలుగు చోట్లా దూరలా. ఈసారి భాయ్ సుద్ద ముట్టలా. ఉలితో గాటు పెట్టి, "ఇది తోమినా పోదు పెద్దమ్మా" అన్నాడు.

మర్నాడే మాచర్ల బయల్దేరాం. పిడుగురాళ్ళ దాటేసరికి అత్త వెనక సీట్లో గుర్రు పెడతా ఉంది. మా ఆయన స్టీరింగు మీద చెయ్యి తేలిగ్గా ఆనిచ్చి నడపతా ఉన్నాడు. గురజాల దగ్గర నెమ్మదిగా నాతో, "సీటు కవర్లు మార్పిద్దామంటావా?" అన్నాడు.

గుర్రు ఆగింది. కళ్ళు తెరవకుండానే అత్త, "ఎర్రవి వేపించు" అంది.