పథ్యంలో పెట్టిన కార్జం

"తేలు కుట్టిందే. కాలు కింద పెట్టలేకపోతున్నాను."

"పక్క దులిపాను, మంచం తిరగేశాను. తేలు లేదు, దాని పిల్లా లేదు. కళ్ళంలో కాయలు తిరగెయ్యాల్సిన రోజే కుట్టిందా నీకు తేలు?"

"నీ దుంపతెగ! నొప్పి నాదా, నీదా? ముందా దుప్పటి తియ్యి. అది తగిలితేనే ప్రాణం పోతోంది."

"బస్తాలు మోసే మనిషివి, దుప్పటి బరువయిందా నీకు?"

మా ఇంటాయనకు జబ్బు బయటపడిన రోజు పొద్దున్నే మేమిద్దరం అనుకున్న మాటలివి. మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. సాగరు కాలవ తవ్వకాలకు కూలీలంతా తరలిపోయి, మిరపకోతకు మనుషులు దొరకని ఏడు అది. పనికి వంక పెడుతున్నాడనుకున్నాను. దుప్పటి తీసి చూస్తే కుడికాలి బొటనవేలి మొదలు పండుమిరపకాయలాగ ఎర్రగా, నిగనిగలాడుతూ ఉబ్బి ఉంది. చెయ్యి దగ్గరికి పెడితేనే వేడి తగిలింది. కాపడం కోసం వావిలాకు కాచడానికి వెళ్ళాను.

ఊళ్ళో మందులిచ్చే ఆయన చూసి వాతమన్నాడు. కాపడం పెట్టాం, ఆముదం రాశాం. ఎనిమిది రోజులకు వాపు తీసి, పైన తోలు పొట్టులా రాలిపోయింది. జబ్బు పోయిందనుకుని కాపడం గుడ్డలు ఉతికి దాచాను. మళ్ళీ కావాలని దాచలేదు, గుడ్డముక్క పారేసే అలవాటు నాకు లేదు. పత్తి విత్తే రోజుల్లో అవి మళ్ళీ కావలసి వచ్చాయి. ఈసారి వేలితోపాటు చీలమండ కూడా వాచింది.

గుంటూరు తీసుకెళ్ళాను. బస్సు దిగి రిక్షా ఎక్కడం దండగ అనేదాన్ని ఎప్పుడూ. ఆ రోజు నోరెత్తకుండా నేనే పిలిచాను. ఆసుపత్రిలో బ్లడ్ టెస్ట్ అన్నారు, ఎక్స్‌రే అన్నారు. రెండు రోజులు వరండాలోనే ఉన్నాం. డాక్టరు చిన్నవాడే గాని నిదానంగా చెప్పాడు.

"వాతం కాదమ్మా. దీన్ని గౌట్ అంటారు. ఒంట్లో యూరిక్ యాసిడ్ ఎక్కువై, సన్నటి పలుకులుగా కీళ్ళలో చేరుతుంది. అవే గుచ్చుకుంటున్నాయి. కోల్చిసిన్ మాత్రలు రాస్తున్నాను. విరేచనాలు పట్టుకుంటే ఆపేసి నా దగ్గరికి రండి. మాంసం మానాలి, కల్లు మానాలి. నీళ్ళు బాగా తాగాలి."

"ఎన్నాళ్ళు మానాలండీ?" అన్నాడు మా ఇంటాయన.

"నీ కాలు నీకు కావలసినన్నాళ్ళు."

ఇక్కడ నా జబ్బు సంగతి కొంచెం చెప్పాలి. అంతకు ఆరేళ్ళ ముందు, మా ఆఖరిపిల్ల పుట్టాక నాకు రక్తం తగ్గిపోయింది. నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం, కళ్ళు బైర్లు. అప్పుడు చూసిన డాక్టరమ్మ అనీమియా అని చెప్పి, లివర్ ఎక్స్‌ట్రాక్ట్ ఇంజెక్షన్లు పొడిచింది. "వారం వారం మేక కార్జం తిను. మాంసమనుకోకు, మందనుకో" అంది. తిన్నాను. మళ్ళీ కలుపు తీసే మనిషినయ్యాను. కార్జమే నన్ను నిలబెట్టిందని నా నమ్మకం.

మా ఊళ్ళో ఆదివారం మస్తాను మేకను కోసి, చావడి వెనక తాటాకుల మీద పోగులు వేస్తాడు. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క పోగు. ప్రతి పోగులోనూ ఇంత కార్జం ముక్క పడాలి. ఏ ఇంట్లోనయినా బాలింతో రోగిష్ఠో ఉంటే మాత్రం కార్జమంతా కొయ్యకుండా ఆ ఇంటికి తీసి ఉంచుతాడు. మా పోగులో ముక్క పడలేదేమని ఎవరూ అడగరు. అలా ఊరంతా వదులుకున్న ముక్క నాకొచ్చింది. జబ్బు తగ్గాక వద్దని చెప్పాలి. నేను చెప్పలేదు. వచ్చేదాన్ని ఎందుకు పోగొట్టుకోవాలనుకున్నాను.

మా ఇంటాయనకు పథ్యం మొదలుపెట్టాక పోగు మానేశాం. మస్తాను దగ్గర కార్జం మాత్రం తెచ్చేదాన్ని. మందు ఎవరన్నా మానతారా? అంతకుముందు నేనూ పిల్లలూ తినేవాళ్ళం. ఇప్పుడు రోగం ఆయనది గనక మొత్తం ఆయనకే పెట్టాను. కారం లేకుండా, మిరియాలు నూరి, నూనె చుక్క వేసి మగ్గించి పెట్టేదాన్ని.

"దీని వాసన నాకు పడదే" అనేవాడు.

"పడకపోతే ముక్కు మూసుకుని మింగు. ఊరివాళ్ళ నోటి ముందుది తీసి పెడుతున్నా నీకు."

మింగేవాడు. మాత్రలకు విరేచనాలయ్యాయి, మోతాదు తగ్గించారు. రెండు నెలలు బాగానే ఉండి మూడోసారి వచ్చింది. నాలుగోసారి మోకాలికి ఎక్కింది. పెరట్లోకి వెళ్ళాలన్నా భుజం పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. అరకకట్టే మనిషి అలా కూర్చుంటే మా మిరపతోట ఎవరి చేతుల్లో పెట్టాలో తెలియలేదు.

మాంసం నేను వండటం లేదు. ఇక మిగిలింది కల్లే. చాటుగా తాగుతున్నాడని తేల్చుకున్నాను. తాళ్ళ గట్టు మీదికి నేనే వెళ్ళి కల్లుగీసే పున్నయ్యను నిలదీశాను.

"ఏరా పున్నయ్యా, మా ఇంటాయనకు పోస్తున్నావా?"

"మా అమ్మ తోడక్కా, ఆయన ఈ గట్టు తొక్కి ఏడాదయింది."

"నీ ముంతమొహం చూస్తేనే తెలుస్తోంది అబద్ధమని."

చేలో ఉన్నవాళ్ళందరికీ వినపడేలా అరిచాను. అది ఊళ్ళో పాకిపోయింది. చావడి అరుగు మీద ఆయన కూర్చుంటే, "ఏం బావా, ఇవాళ ఏ తాటి కల్లు, పొద్దుతాడా, పోతుతాడా?" అని మేలమాడటం మొదలుపెట్టారు. ఆయన అరుగు మీదికి వెళ్ళడం మానేశాడు.

"తాగలేదంటే నమ్మవా?" అని అడిగాడు నన్ను.

"నీ మాట నమ్మనా, నీ మోకాలు నమ్మనా?" అన్నాను.

ఆ తరవాత పెట్టింది తిని గోడవైపు తిరిగి పడుకునేవాడు.

ఒక శనివారం మళ్ళీ గుంటూరు వెళ్ళాం. డాక్టరు కాగితం చూసి మొహం చిట్లించాడు. "యూరిక్ యాసిడ్ ఇంకా పెరిగింది. తాగుతున్నావా?" అన్నాడు. మా ఇంటాయన ఎదురుగోడ మీద గడియారం చూస్తున్నాడు.

"రోజూ ఏం తింటాడో మీరు చెప్పండమ్మా, వరసగా" అన్నాడు డాక్టరు.

నా పథ్యంలో లోపం లేదన్న ధీమాతో చెప్పాను. "పొద్దున జొన్నజావ. మధ్యాహ్నం అన్నం, బీరకాయో సొరకాయో, మజ్జిగ. రాత్రికీ అదే. ఆదివారం కార్జం. మిగిలింది సోమవారం."

డాక్టరు కలం కింద పెట్టాడు. "ఏం కార్జం?"

"మేకదండీ. మందుకి."

"మాంసం మానమన్నాను కదమ్మా?"

డాక్టరమ్మ నాకు చెప్పిన మాట చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

"ఆవిడ సరిగ్గానే చెప్పారు, మీ జబ్బుకి. రక్తం తక్కువయినవాళ్ళకి కార్జం మంచిది. ఈయన జబ్బు వేరు. యూరిక్ యాసిడ్‌గా మారే సరుకు మామూలు మాంసంలో కన్నా కార్జంలోనే ఎక్కువ. మాంసం మాన్పించి కార్జం పెట్టడమంటే, కాలవకి కంత పూడ్చి గండి కొట్టినట్టు. ఇదొక్కటే కారణమని నేననను, కొందరి ఒంటితత్వమే అంత. కాని ఇవాళ్టితో ఇది ఆపెయ్యండి. మెదడు, గుండెకాయలు కూడా వద్దు."

తిరుగుబస్సు పేరేచర్ల దాటింది. అప్పుడు మా ఇంటాయన అన్నాడు, "ఊళ్ళో నన్ను తాగుబోతుని చేశావు."

"మందనుకునే పెట్టాను గదయ్యా."

"కార్జం పెట్టినందుకు కాదే నేనడిగేది."

నాకు తెలుసు ఆయన దేనికడుగుతున్నాడో. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఇదంతా జరిగి నాలుగేళ్ళయింది. కార్జం మానగానే జబ్బు మాయమయిందని రాస్తే అబద్ధమవుతుంది. ఆ ఏడే ఇంకొకసారి వచ్చింది, వారంలో తగ్గింది. తరవాత డాక్టరు రోజూ వేసుకునే మాత్ర ఒకటి రాశాడు. ఇప్పుడు ఏడాదికి ఒకసారి బొటనవేలు కొంచెం సలుపుతుంది. ఆయన తోటకు నడిచే వెళతాడు, నీళ్ళచెంబు వెంట ఉంటుంది. మనవలు ఆ చెంబును తాతయ్య మందు అంటారు. నేను మాత్రం మా కోడలికి రక్తం తక్కువన్నప్పుడు కూడా ముందు డాక్టరునే అడిగాను. ఆ పిల్లకి కార్జం ఎంత పెట్టాలో ఆయన చెప్పాక, అంతే పెట్టాను.

పథ్యం పెట్టే ఆడవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. మీకు నయం చేసింది పక్కమంచం మీద మనిషికీ నయం చేస్తుందనుకోకండి. డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఇంట్లో పెట్టేవన్నీ చెప్పండి, మందనుకుని పెట్టేవి కూడా. నేను మొదటి రోజే చెప్పి ఉంటే జబ్బు మోకాలిదాకా వచ్చేది కాదేమో.

ఆ శనివారం గుంటూరు నుంచి వచ్చాం గదా, మర్నాడు ఆదివారం. పొద్దున్నే చావడి వెనక్కి వెళ్ళాను. పోగులు వేసి ఉన్నాయి, జనం నిలబడి ఉన్నారు, వాళ్ళలో పున్నయ్య కూడా ఉన్నాడు. మస్తాను ఎప్పటిలాగే ఆకులో చుట్టిన కార్జం చేతికివ్వబోయాడు.

"మాకొద్దు మస్తానూ. అందరి పోగుల్లో వెయ్యి."

"అయ్యగారికి బాగయిందామ్మా?"

"బాగవలేదు. ఇది పెట్టబట్టే బాగవలేదు. మా ఇంటాయన కల్లు తాగలేదు. తాగాడని అన్నదాన్ని నేనే, తప్పు నాదే. అందరూ వినండి."

పున్నయ్య ముందుకొచ్చి అన్నాడు, "మరి నన్ను ముంతమొహం అన్నావు గదక్కా?"

"అది నిజమే గదరా" అన్నాను.

అందరూ నవ్వారు. మస్తాను ఆకు విప్పి, కార్జాన్ని చిన్నచిన్న ముక్కలు కోసి, ఒక్కొక్క పోగులో ఒక్కొక్క ముక్క వేసుకుంటూ పోయాడు. ఆఖరి పోగుదాకా చూసి, ఉత్తచేతులతో ఇంటికొచ్చి సొరకాయ తరిగాను. ఆ పూట మా ఇంటాయన కర్ర పట్టుకుని చావడి అరుగు దాకా వెళ్ళి కూర్చుని వచ్చాడు. మోకాలి వాపు ఇంకా తియ్యలేదు.