వేరుశనగ పెరుగు

మిల్లు ఆఫీసులో మధ్యాహ్నం పూట పుస్తకం చదువుకుంటూ అన్నం తినేవాణ్ణని నాకు కొన్నాళ్ళు మంచి పేరుండేది. "చూడండప్పా, ముద్ద మింగేటప్పుడు గూడా చదువుతుండాడు" అని మా పెద్ద గుమాస్తా కొత్తగా చేరినవాళ్ళకు నన్ను చూపించేవాడు. నేనూ మురిసిపోయి ఇంకాస్త వంగి చదివేవాణ్ణి. అసలు సంగతి వేరు. నా గిన్నెలో ఏముందో పక్కవాళ్ళ కంట పడకుండా ఆ పుస్తకాన్ని అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఎనభై దాటిన ఈ వయసులో రాస్తున్నా సిగ్గుతో ముఖం వేడెక్కుతోంది.

ఇది అరవైల మొదట్లో మాట. తమిళనాట రాజపాళయంలో ఒక నూలు మిల్లులో నాది గుమాస్తా ఉద్యోగం. ఏ నూలు బేలు ఏ ఊరికి పోవాలో చీటీలు రాసి అంటించే పని. మంసాపురంలో సేద్యం చేసుకునే ఇంటి పిల్లతో పెళ్ళయింది. ఆమె ఐదో తరగతి దాకా చదివింది, తమిళంలో. మా వైపు తెలుగువాళ్ళందరమూ అంతే. ఇంట్లో కొట్లాడుకునేది తెలుగులో, బళ్ళో చదివేది తమిళంలో. వీధి వీధంతా తెలుగు మాట్లాడినా, తెలుగు అక్షరం చదవగలిగినవాణ్ణి వెతుక్కోవాల్సిందే.

పెళ్ళయిన ఏడాదికి మా ఆవు ఈనింది. నాలుగో రోజుకే దూడ చచ్చిపోయింది. దూడ లేకుండా ఆవు చేపదు. అందుకని అందరూ చేయించేదే మా అమ్మా చేయించింది. చచ్చిన దూడ తోలు ఒలిపించి, ఉప్పు రాసి ఎండబెట్టి, లోపల వరిగడ్డి కూరి కుట్టించి, కాళ్ళకు నాలుగు కర్రలు పెట్టించింది. పాలు పితికేటప్పుడు దాన్ని తెచ్చి ముందు నిలబెడితే ఆవు దాన్ని నాకుతూ పాలు వదులుతుంది. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే, దాని గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. పితికే పని కొత్త కోడలికి వచ్చింది. ఆమె పది రోజులు పితికింది. పదకొండో పొద్దున ఖాళీ చెంబు తెచ్చి మా అమ్మ ముందు పెట్టింది.

"నా వల్ల కాదత్తా. దానికి తెలవదనుకొని చేస్తుండాము. దానికి తెలుసు. తెలిసే నాకుతుండాది."

"తెలిస్తే ఏమి, పాలు ఇస్తుండాది గదా" అంది అమ్మ.

"ఇంక మీద పాలు, పెరుగు, నెయ్యి నేను తాకను. ఆదివారం వండే కవుసు, కోడైనా చేపైనా, అది గూడా నాకు వద్దు."

అమ్మ నోరు పెద్దది. మంసాపురం మొత్తాన్నీ కడిగిపారేసింది. నా పెళ్ళాం తలొంచుకుని నిలబడింది గానీ చెంబు మాత్రం తీసుకోలేదు. నేను గడపలో నిలబడి వింటున్నాను. నాకేమయిందో ఏమో, "నేనూ తాకను" అనేశాను. ఆమె తలెత్తి నన్ను చూసింది. అప్పటిదాకా ఆ ఇంట్లో తనవాళ్ళని చెప్పుకోవడానికి ఆమెకు ఒక్క మనిషి లేడు. ఆ పూటతో నేనున్నానని నమ్మింది. నేను కూడా నిజంగానే అన్నాను, ఆ ఒక్కటి మాత్రం నమ్మండి.

ఆ రోజు నుంచి నా క్యారియర్ సంగతి ఆమె పట్టుదలగా తీసుకుంది. పాలూ నెయ్యీ లేకుండా మగవాడికి ఏం పెడతావని అమ్మ అడిగినదానికి రోజూ మూడు గిన్నెల్లో జవాబు చెప్పేది. నల్ల మినప్పప్పు పొట్టుతో సహా వేసి వెల్లుల్లి, కొబ్బరితో వండిన అన్నం, దాని పక్కన నువ్వుల తొక్కు. అరటిపువ్వు వడలు. పనస గింజలు కాల్చి చేసిన వేపుడు. మామిడికాయల కాలంలో పచ్చిమామిడి తురుము కలిపిన అన్నం, దాని మీద వేయించిన పల్లీలు. మంగళవారం తప్పకుండా ఉలవతొక్కు. ఇంతా చేసి ఆమెకు ఒకటే దిగులు, చివర పెరుగన్నం లేదని. మా వైపు మనిషి ఎన్ని తిన్నా పెరుగు పడందే చెయ్యి కడగడు.

దానికీ దారి కనిపెట్టింది. పుట్టింటి వేరుశనగలు నానబెట్టి, రుబ్బి, గుడ్డలో పిండి, ఆ పాలు కాచి, గోరువెచ్చగా ఉన్నప్పుడు తోడుకు బదులు పచ్చిమిరపకాయ తొడిమలు వేసి ముంతలో మూతపెట్టేది. మొదట నాలుగుసార్లు విరిగిపోయి వాసనొచ్చింది. అమ్మ ముక్కు మూసుకుని పెరట్లోకి పోయేది. ఐదోసారి తోడుకుంది. ముంతను నా మొహం ముందు వంచి, "చూడండి, కదల్లేదు" అని చిన్నపిల్ల మాదిరి నవ్వింది. రంగు మాత్రం తెలుపు కాదు, కాస్త మట్టి రంగు.

ఇక పుస్తకం. పక్కింటివాళ్ళు తెప్పించుకునే వారపత్రికలు పాతబడ్డాక ఈమె అడిగి తెచ్చుకునేది. సీరియల్ కథ పేజీలు మాత్రం కత్తిరించి, వరసగా పేర్చి కుట్టేది. దగ్గర్లోని సత్రపట్టి మగ్గాల మీద నేసే బ్యాండేజీ గుడ్డ ముక్కలు ఎవరో ఇస్తే, వాటిని గంజిలో ముంచి అట్టలకు అంటించేది. నేను మిల్లు నుంచి తెచ్చిన నూలు కోను దారం పేజీ గుర్తుకు పెట్టేది. ఆ పుస్తకం క్యారియర్ సంచిలో నాతో ఆఫీసుకు వచ్చేది. మధ్యాహ్నం నేను ఒక వారం కథ చదవాలి, ఎక్కువ చదవకూడదు. సాయంత్రం నేను రాగానే ఆమె పెరటి మెట్టు మీద కూర్చుని అదే భాగం చదివేది. ఆ తరవాత ఇద్దరం, తమిళంలో చదివిన కథను మా తెలుగులో పెట్టి, ఆ అమ్మాయి ఇల్లు విడిచి పోతుందా పోదా అని వాదించుకునేవాళ్ళం. అమ్మా, ఇద్దరు చెల్లెళ్ళూ ఉన్న ఆ ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకున్నది ఆ మెట్టు మీదనే.

ఆఫీసులో ఆరుగురం వరండాలో వరసగా కూర్చుని తినేవాళ్ళం. ఒకరి గిన్నెలోది ఒకరికి వడ్డించడం అలవాటు. నేను మాత్రం పుస్తకం తెరిచి మూలకు జరిగేవాణ్ణి. పాలు తాకనని గడపలో గొప్పగా అన్న మాట నిజమే గానీ, వాళ్ళందరి ముందు అనడానికి నోరు రాలేదు. ఆవున్న ఇంట్లో పెరుగు లేదంటే ఏమనుకుంటారో అని భయం. కొన్ని నెలలు పుస్తకం నన్ను కాచింది.

పెద్ద గుమాస్తా మా అమ్మకు దూరపు తమ్ముడి వరస. నన్ను అల్లుడా అనేవాడు. ఒక రోజు వచ్చి ఒక వేలితో నా పుస్తకాన్ని కిందికి నొక్కి గిన్నెలోకి చూశాడు.

"ఏంది అల్లుడా యిది? పెరుగు నల్లబడిందే?"

అందరూ మెడలు సాచారు. "ఆవున్న యింటి పిలగాడికి పెరుగు పెట్టరా? ఆవు యెండిపోయిందా, అక్కకు చెయ్యి రాలేదా?"

చెప్పడానికి ఒక్క మాట చాలు. నా ఇష్టంతోనే మానేశాను మామా అంటే అయిపోయేది. నేనేమన్నానో ఇప్పటికీ అక్షరం మరిచిపోలేదు. "మా యింట్లోదానికి కొంచెం తిక్క మామా. చచ్చిన దూడ కోసం నన్ను గూడా ఉపాసం పెట్టింది."

వరండా అదిరేలా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. పెద్ద గుమాస్తా తన గిన్నెలోంచి గట్టి పెరుగు గరిటెడు తీసి నా అన్నంలో వేసి, "తిను అల్లుడా, ఎవురికి తెలుస్తుంది" అన్నాడు. తిన్నాను. రుచిగా ఉంది. అది ఒప్పుకోకపోతే ఈ రాతంతా దండగ.

మర్నాడూ వేశాడు. నెల తిరిగేసరికి నాకు వాళ్ళ మధ్య చోటు దొరికింది, ఒకరి పప్పులో నెయ్యి, ఇంకొకరి మజ్జిగ. నా క్యారియర్‌ను దూది చెత్త ఊడ్చే ఒక ముసలామెకు ఇచ్చేసేవాణ్ణి. ఆమె తిని, గిన్నెలు కడిగి ఇచ్చేది. "ఎవురు సామీ వండినది? ఆ చేతికి కడియం చేయించు" అనేది. ఆ మెచ్చుకోలు ఏనాడూ ఇంటికి చేర్చలేదు. చేర్చితే నా బండారం బయటపడదూ. సాయంత్రం నా పెళ్ళాం అడిగేది, "పెరుగు పులిసిపోయిందా?" అని. "లేదు, బాగుండింది" అనేవాణ్ణి. "రేపు రెండు తొడిమలు తక్కువ వేసి చూస్తాను" అనేది. నేను నోట పెట్టని పెరుగుకు ఆమె రోజూ తొడిమలు లెక్కపెట్టింది. ఇట్లా సుమారు ఏడాది గడిచింది.

పెద్ద గుమాస్తా మనవరాలికి చెవులు కుట్టించిన మర్నాడు పిడి ఉన్న పెద్ద తూకు గిన్నెలో చక్కెర పొంగలి తెచ్చాడు. వేలు పెడితే నెయ్యి కారుతోంది. రెండుసార్లు పెట్టించుకున్నాను. మిల్లు కూత పడే వేళయింది, ఆ పూట భాగం చదవనేలేదు. సాయంత్రం వాదించడానికి ఏదో ఒక ముక్క తెలియాలి గదా. చెయ్యి కడుక్కోకుండానే గబగబా పేజీలు తిప్పేశాను. తీరా చూస్తే ఒక పేజీ మూలన బొటనవేలి గుర్తు పడింది. పల్చటి కాగితం, అవతలి అక్షరాలు ఇవతలికి కనబడుతున్నాయి. పంచె కొంగుతో తుడిస్తే ఇంకా పాకింది. మన గిన్నెలోనూ నువ్వుల నూనె ఉంటుంది, ఆమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను. పల్లెటూళ్ళో పాడి మధ్య పెరిగినదానికి నెయ్యికీ నూనెకీ తేడా తెలియదనుకున్నాను, అంత తెలివైనవాణ్ణి.

సాయంత్రం నేను కాళ్ళు కడుక్కుంటుంటే ఆమె మెట్టు మీద చదువుతోంది. ఆ పేజీ దగ్గర ఆగింది. కాగితాన్ని ముక్కు దగ్గరికి తీసుకుంది. నెమ్మదిగా అడిగింది.

"ఈ పొద్దు ఏమి తిన్నారు?"

"నువ్వు పెట్టినదే. ఉలవతొక్కు బాగుండింది."

"ఈ పొద్దు మంగళవారమే" అంది. "అయితే ఉలవలు అయిపోయినాయి. కొబ్బరన్నం పెట్టినాను."

చెంబులో నీళ్ళు ఇంకా ఉన్నాయి, వాటినే మళ్ళీ కాళ్ళ మీద పోసుకున్నాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. నేను తువ్వాలు వెతుక్కున్నాను. ఆమె ఆ భాగం మొత్తం చదివి, దారం పెట్టి, పుస్తకం మూసింది. దాన్ని తీసుకుని లోపలికి పోయింది.

మర్నాడు వరండాలో క్యారియర్ విప్పాను. పై గిన్నెలో పెరుగన్నం. తెల్లటి, గట్టి ఆవు పెరుగు, పైన అల్లం, కరివేపాకు తాలింపు, మూలన మామిడి ఊరగాయ. సంచిలో పుస్తకం కోసం చెయ్యి పెట్టాను. లేదు. మళ్ళీ పెట్టి చూశాను.

"ఆ, దారికొచ్చినట్టుండాదే!" అన్నాడు పెద్ద గుమాస్తా, గిన్నెలోకి చూసి.

"ఆమా మామా" అని తలూపాను.

ముసలామె వచ్చి కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. నేను ఆ పెరుగన్నం తిన్నాను. ఆకలై కాదు, వదిలేస్తే వాళ్ళు ఎందుకని అడుగుతారని.

ఇంటికి రాగానే అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చి, "నీ పెండ్లాము ఈ పొద్దు పెరుగు ముంతలో చెయ్యి పెట్టిందిరా, తన చేత్తోనే కలిపింది" అని సంబరంగా చెప్పింది. నేను పెరట్లోకి పోయాను. మెట్టు మీద ఎవరూ లేరు. ఆమె రోటి దగ్గర ఉంది.

"పుస్తకం పెట్టలేదే?" అన్నాను. అడగడానికి నాకు దొరికిన మాట అది.

"మీరు గూడా నాతో పాటు వదిలేసినారనుకొని చదివించినాను" అంది, రుబ్బడం ఆపకుండానే. "ఇంక నేనొకతెనే చదువుకుంటాను లెండి."

అంతే. ఏడవలేదు, అరవలేదు, పుట్టింటికి పోలేదు. నేను ఉద్యోగం మానేదాకా రోజూ పెరుగన్నం కట్టింది. నా కోసం తాకనన్నది తాకి, రెండుసార్లు చెయ్యి కడుక్కుని, విడిగా కూర్చుని తన వేరుశనగ పెరుగు తాను తినేది. వద్దు, నాకూ అదే పెట్టు అని ఒక్క మాట అంటే చాలని నాకు తెలుసు. రోజులు గడిచేకొద్దీ ఆ మాట అనడం ఇంకా కష్టమయింది. ఆ కథలో అమ్మాయి ఇల్లు విడిచి పోయిందో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఉద్యోగం నుంచి దిగాక పనిలేక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు ఇది రాస్తుంటే ఆమె పక్కనే కూర్చుని ముంతలోకి తొడిమలు తుంచుతోంది. చూపు బాగానే ఉంది, తమిళ పత్రికలు రోజూ అద్దాలు పెట్టుకుని చదువుతుంది. ఇందాక నా కాగితాల మీదికి వంగి చూసి, "ఏమి రాస్తుండారు అంతసేపూ?" అని అడిగింది.

"ఏదో మిల్లు సంగతులు" అన్నాను.

తమిళంలో రాసి ఉంటే తనే చదువుకునేది. అందుకే తెలుగులో రాస్తున్నాను.