నేను వెళ్లకముందే నేను వెళ్లొచ్చిన మూడు ఊళ్లు

దెయ్యాలు, పూనకాలు, చేతబడులు అని ఎవరైనా మొదలుపెడితే నాకు నవ్వొస్తుంది. ఇప్పటికీ వస్తుంది. కాబట్టి ఇది చదివి, పాపం పిల్ల జడుసుకున్నట్టుంది, తాయెత్తు కట్టించండి అనకండి. అంతా పట్టపగలే జరిగింది. ఇందులో నా తప్పు కూడా ఒకటుంది. దాన్ని దాచను.

మాది పుంగనూరు. నాన్నకు ఎరువుల అంగడి. ఎంబీఏ మొదటి సంవత్సరం అయ్యాక బెంగళూరులో ఒక ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో పది వారాల ఇంటర్న్‌షిప్ దొరికింది. మనం డబ్బు వేసి తీసుకునే బ్యాంకు కాదిది. కంపెనీలను కొనేవాళ్లకూ అమ్మేవాళ్లకూ సలహా చెప్పే బ్యాంకు. సలహా పెద్దవాళ్లు చెబుతారు. ఇంటర్న్‌లు చేసేది స్లైడ్లలో గీతలు సరిచేయడం, ఒక పేజీలో ఉన్న అంకె ఇంకో పేజీలో మారిందేమో వెతకడం, పైవాళ్లు ఇంటికెళ్లేదాకా కుర్చీలో కనిపించడం.

ఆరుగురం చేరాం. చివర్లో ఇద్దరికే ఉద్యోగం ఇస్తామని మొదటిరోజే చెప్పారు. అప్పటినుంచి మా మధ్య నవ్వులన్నీ పైపైనే. నాకా ఉద్యోగం కావాలి. గుండు కొట్టించుకుంటే ఇస్తామంటే కొట్టించుకునేదాన్ని.

ఏడో వారంలో నా పంట పండిందనుకున్నాను. మావైపు టమోటా గుజ్జు తీసే కంపెనీ ఒకదాన్ని ఎవరో కొనాలనుకుంటున్నారు. కొనేవాళ్ల తరఫున మా బ్యాంకు. ఆ కంపెనీకి పుంగనూరులో కాయలు కొనే సెంటరు, మదనపల్లె దాటాక అంగళ్లు అనే ఊరి దారిలో ఫ్యాక్టరీ, కుప్పం దగ్గర ఇంకో కొత్త ఫ్యాక్టరీ ఉన్నాయి. మూడూ కళ్లతో చూసి రిపోర్టు రాయాలి. నీ ఊళ్లే కదా, నువ్వే వెళ్లు అన్నాడు నా పైన ఉండే కార్తీక్.

మా పనిలో ఒక అలవాటుంది. వెళ్లకముందే రిపోర్టు కట్టిపెట్టుకుంటారు. దాన్ని షెల్ అంటారు. హెడ్డింగులు, తేదీలు పెట్టుకుని, చూసొచ్చాక రాయాల్సిన చోట్లు ఖాళీగా వదలాలి. నేను వదల్లేదు. మా ఊళ్ల సంగతి నాకు తెలియనిదేముంది అన్న పొగరు. కంపెనీ బ్రోచర్ పక్కన పెట్టుకుని శుక్రవారమే మొత్తం నింపేశాను. సోమవారం పదకొండింటికి పుంగనూరు చూశాను, మంగళవారం పదింటికి మదనపల్లె చూశాను, బుధవారం మూడింటికి కుప్పం చూశాను. కుప్పంలో సొంత బోర్లు మూడు, నీటికి కొరత లేదు. ఇలా సాగింది నా రాత.

తీరా సోమ, మంగళవారాలు వేరే పని నెత్తిన పడి కార్తీక్ నన్ను కదలనివ్వలేదు. మంగళవారం సాయంత్రానికి మా డైరెక్టరు ఆ రిపోర్టు ఫోల్డర్లో చూసి, మొదటి రెండు చోట్ల పనైపోయిందనుకుని, బుధవారం ఇంకా రాలేదు కాబట్టి కుప్పం భాగం తీసి పక్కన పెట్టి మిగతాది కొనేవాళ్లకు పంపేశాడు. కార్తీక్ మొహం పాలిపోయింది. రేపు ఒక్కరోజులో మూడూ చుట్టేసి రా, ఎవరితోనూ అనకు అన్నాడు.

నిజం అప్పుడే చెప్పేసి ఉండాల్సింది. చెబితే ఉద్యోగం పోయినట్టే. అందుకని బుధవారం తెల్లవారుతూనే కారులో బయల్దేరాను. విజిటర్ల రిజిస్టర్లలో పాత తేదీలు వేసి సంతకాలు పెట్టేస్తే గండం గట్టెక్కుతుందని నా ఎత్తు.

పుంగనూరు సెంటరులో రెడ్డెప్ప అనే సూపర్‌వైజరు ఉన్నాడు. అంతకుముందు ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"మళ్లా వచ్చినావేమ్మా? సోమారమే అంతా సూసుకోని పోతివి కదా."

ఇంకెవరో అనుకుని పొరబడ్డాడనుకున్నాను. నాకు అదీ మంచిదే. రిజిస్టరు ఇవ్వమన్నాను. సోమవారం పేజీ తీస్తే నా పేరుంది. నా ఫోన్ నంబరు ఉంది. తెలుగులో నేను పెట్టే సంతకం ఉంది. వచ్చిన టైం పదకొండు.

పేజీ రెండోసారి చదివాను. కార్తీకే ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడి రాయించి ఉంటాడని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ నా సంతకంలో చివరి అక్షరం కింద రెండు చుక్కలు పెడతాను. ఆ రెండు చుక్కలూ ఉన్నాయి.

మదనపల్లె ఫ్యాక్టరీలో కాయలు కడిగే చోట మునెమ్మ అని ఒకామె పనిచేస్తుంది. పలకరించకముందే ఆమే పలకరించింది.

"నిన్న కుప్పం నీళ్ల సంగతి అడిగితివే, మా తమ్ముడు చెంగప్ప ఆన్నే పని చేస్తాండాడు. ఆయప్పను అడిగితే అంతా చెప్తాడు."

నేను నీళ్ల సంగతి ఎవరినీ అడగలేదు. అడగాలని కూడా అనుకోలేదు. ఈ రిజిస్టర్లో కూడా నా సంతకం ఉంది, మంగళవారం, పది గంటలు. బయటికొచ్చి కార్తీక్‌కు ఫోన్ చేసి, నిన్న పదింటికి నేనెక్కడున్నానని అడిగాను. నా ఎదురుగానే ఉన్నావు, నీకేమైనా తిక్క పట్టిందా అన్నాడు. రిజిస్టర్ల మాట చెబితే, తనకేమీ తెలియదన్నాడు.

ఆ గేటు దగ్గర కెమెరా ఉంది. నిన్నటి రికార్డింగు చూపించమని ఎందుకు అడగలేదని ఇది విన్నవాళ్లంతా నన్ను తిడతారు. ఏమని అడగాలి? నిన్న నేను రాలేదు, వచ్చిందెవరో చూపించండి అనాలి. ఆ మాట అంటే రిపోర్టు అబద్ధమని నా నోటితో నేనే ఒప్పుకున్నట్టు. భయంలో కూడా నాకు ఉద్యోగమే గుర్తొచ్చింది. దానికి ఇప్పటికీ నామీద నాకు కోపం.

అక్కణ్ణుంచి కుప్పం. మళ్లీ పుంగనూరు మీదుగానే, పలమనేరు దాటి పోవాలి. రిపోర్టు ప్రకారం నేను కుప్పంలో ఉండాల్సింది ఆరోజే, మూడింటికి. మూడులోపలే చేరిపోతే అక్కడ ముందుగా ఉండేది నేనే అవుతాను కదా అనిపించింది. తొందరగా పొమ్మని డ్రైవరును పోరు పెట్టాను. పలమనేరు దాటాక టైరు పంక్చరైంది. అది మార్చేసరికి మూడు దాటింది. వెనక్కి పోదామని నోటిదాకా వచ్చింది, కానీ కుప్పం భాగం ఆ రాత్రికి పంపాలి.

నాలుగింటికి చేరాను. వాచ్‌మన్ నన్ను చూసి గేటు తీశాడు.

"యాడికి పోయినారమ్మా బయటికి? నేను సూడనే లేదే. చెంగప్ప బోరు కాడ మీకోసరం నిలబడుండాడు."

షెడ్డు వెనక్కి నడిచాను. యాభై ఏళ్ల మనిషొకాయన బోరు పైపు మీద చెయ్యేసి నిలబడున్నాడు. పక్కన ఎవరూ లేరు. నన్ను చూసి, ఆపిన మాట అందుకున్నాడు.

"అదేమ్మా, నే చెప్తాంటే నడిమిట్లో అట్ల పోతివి. ఈ మూడోది గూడా పోయిన ఎండాకాలమే ఎండిపాయ. ఇప్పుడంతా ట్యాంకర్లే. సుట్టుపక్కల రైతుల బోర్లలోంచి తోలతాండారు."

నన్నే చూశావా, బాగా గుర్తుందా అని అడిగాను. ఆయన నవ్వాడు.

"ఇదే పచ్చ సుడీదారు, ఇదే సంచి. ఏమ్మా, ఎండ దెబ్బ తగిలిందా? ఇంగా పెద్దది కడతారంట కదా ఫ్యాక్టరీ. మా బోర్లు గూడా ఎండితే మేం యాడికి పోవల్ల? నువ్వడిగినావని చెప్పినా. రాస్తావు కదా?"

రాస్తానన్నాను. ట్యాంకర్ల ఫొటోలు తీసుకున్నాను. షెడ్డు చుట్టూ, ఆఫీసు గదిలో, బాత్రూముల దగ్గర కూడా చూశాను. ఎవరూ కనబడలేదు. బయటికి పోయే దారి ఆ గేటొక్కటే.

గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు తెచ్చాడు. నా పేరు, నా సంతకం, వచ్చిన టైం మూడు గంటలు. వెళ్లిన టైం ఖాళీగా ఉంది.

"పొయ్యే టైము రాయండమ్మా" అని పెన్ను చేతికిచ్చాడు.

రాయాలా వద్దా అని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఐదూ పది అని రాసి, ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసుకుని కారెక్కాను. ముందు చూసిన రెండు రిజిస్టర్లకూ అప్పుడే ఫొటోలు తీసి ఉన్నాను, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. మూడూ ఒక చేతి రాతే. అది నా చెయ్యే.

ఆ రాత్రి బోర్లు ఎండాయనీ, నీళ్లు రైతుల దగ్గర నుంచి తోలుతున్నారనీ రాసి పంపాను. కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. నీటి సంగతి తేలాకే మాట్లాడదామన్నారు. మా డైరెక్టరు ఆరుగురు ఇంటర్న్‌లనూ కూర్చోబెట్టి నన్ను మెచ్చుకున్నాడు. వయసులో పెద్దవాళ్లకు తట్టనిది, నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయని అడగాలని నీకెలా తట్టిందని అందరి ముందూ అడిగాడు.

నిజం చెప్పడానికి అదొక అవకాశం. కార్తీక్ టేబుల్ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఊరి పిల్లను కదా సార్ అన్నాను.

ఇద్దరికి ఇచ్చిన ఉద్యోగాల్లో ఒకటి నాకే వచ్చింది. ఉద్యోగంలో ఇది రెండో సంవత్సరం. ఆ మూడు ఊళ్లకూ నాకంటే ముందు ఎవరు వెళ్లారో, నా రాత ఎలా వచ్చిందో, కుప్పంలో మూడింటికి లోపలికొచ్చిన మనిషి ఎటు పోయిందో నేను చెప్పలేను. ఒక్కటి మాత్రం తెలుసు. నాకు ఉద్యోగం తెచ్చిపెట్టిన ఆ ప్రశ్న నేను అడగలేదు. జీతం మాత్రం నెలనెలా నేనే తీసుకుంటున్నాను.