ఎడమ కాళ్ళ గోడ

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. అందరికీ ఆయన సమానం తాత. ఆ పేరు ఎదురు కొట్టు ఇస్త్రీ ఆయన పెట్టాడని కొందరంటారు, కాదు, ఆయన భార్యే విసుగెత్తి పెట్టిందని కొందరంటారు. ఎవరు పెట్టినా తగ్గ పేరే పెట్టారు. ఇద్దరు పిల్లలకి ఒక యాపిల్ కోసి ఇవ్వాలంటే ఈయన ముక్కలు రెండూ రెండు చేతుల్లో పెట్టుకుని బరువు చూసేవాడు. కూతురికి జ్వరం వస్తే కొడుక్కీ పక్క పరిచి పడుకోబెట్టేవాడు. కొడుక్కి పదో ఏట కళ్ళజోడు అవసరమైతే, శుభ్రంగా కనిపిస్తున్న కూతురికి కూడా ఉత్త గాజు వేయించి ఓ జోడు తెచ్చిపెట్టాడు. ఆ పిల్ల దాన్ని తగిలించుకుని అద్దం ముందు మురిసిపోయింది. పిల్లవాడు మాత్రం ఆ పూట అన్నం ముట్టలేదు. ఎందుకురా అని అడగాలన్న ఊహే ఈయనకి రాలేదు. ఇద్దరికీ చెరొకటి వచ్చింది కదా, ఇంకేం కావాలి!

అలాగని ఆయన్ని ఊరికే ఆడిపోసుకోవడమూ న్యాయం కాదు. ఆయనలాగే ఆయన తండ్రి కూడా బూట్లు కుట్టేవాడే. పోయే ముందు ఇల్లూ, కొట్టూ, పనిముట్లూ అన్నీ పెద్దకొడుకు చేతిలో పెట్టి, ఈయనకి ఒక పీట, ఒక సుత్తి ఇచ్చిపోయాడు. అన్నగారు మంచివాడు, తమ్ముణ్ణి వెంటనే బయటికి పంపకుండా వాన వెలిసేదాకా ఆగాడు. ఆ పీట నెత్తిన పెట్టుకుని, సుత్తి జేబులో వేసుకుని వీధిలోకి వచ్చిన రోజున ఈయన ఒట్టు పెట్టుకున్నాడు, తన పిల్లల్లో ఏ ఒక్కరికీ ఈ గతి పట్టనివ్వనని. ఆ ఒట్టు కోసమే బతికాడు. దానితోనే అందర్నీ చంపుకుతిన్నాడు కూడా.

"మీరు పంచుతారండీ, బాగానే పంచుతారు. పిల్లలకి పెట్టడం మాత్రం మీకు చేతకాదు," అనేది భార్య. ఆవిడ పోయేదాకా ఆ మాట ఆయనకి అర్థం కాలేదు. పోయాక కూడా చాలాకాలం కాలేదు.

కొట్టు పొడుగాటి గది. తోలు, జిగురు, మైనం కలిసిన వాసన. లోపలికి అడుగుపెడితే రెండు వైపులా గోడల నిండా అరలు, అరల నిండా చెక్క పాదాలు. తన దగ్గర బూట్లు కుట్టించుకునే ప్రతి మనిషి పాదాన్నీ తాత ఉన్నదున్నట్టు చెక్కలో చెక్కి పెట్టుకుంటాడు. దాని మీద తోలు సాగదీసి, మేకులు కొట్టి, ఆరబెట్టి, అప్పుడు కుడతాడు. మిగతా పనివాళ్ళు జతలు జతలుగా తాడుతో కట్టి వేలాడదీస్తారు. ఈయన పద్ధతి వేరు. ఎడమ పాదాలన్నీ ఎడమ గోడకి, కుడి పాదాలన్నీ కుడి గోడకి.

"రెండూ పక్కపక్కన ఉంటే చెయ్యి బద్ధకిస్తుందమ్మా. ఒకదాన్ని చూసి రెండోదాన్ని దించేస్తుంది. ఏ మనిషికీ రెండు కాళ్ళూ ఒకేలా ఉండవు. దేని కొలత దానికి తియ్యాలి," అని కూతురికి నూరిపోసేవాడు.

పని పిల్లలిద్దరికీ నేర్పాడు. రోజు విడిచి రోజు, ఒక రోజు పిల్లవాడు, ఒక రోజు పిల్ల. కూతురికి పని ఇట్టే పట్టుబడింది. కొడుకు మాత్రం ఆరెతో తోలుకి పొడిచిన చిల్లులకన్నా వేళ్ళకి పొడుచుకున్నవే ఎక్కువ. అయినా తన వంతు వచ్చిన రోజున పీట మీద కూర్చోవలసిందే. పెద్దయ్యాక అతను ఫోన్లు బాగుచేసే పనిలో పడ్డాడు. బస్టాండు దగ్గర ఎవరిదో కొట్లో ఒక మూల బల్ల వేసుకుని, ఆ కొట్టువాడు కసిరినప్పుడల్లా సర్దుకుంటూ వచ్చాడు. కూతురు పెళ్ళయ్యాక కూడా రోజూ వచ్చి, తండ్రి పక్కన కూర్చుని కుట్టింది. తండ్రి చేతులు వణకడం మొదలయ్యాక ఆయన చోటులో కూర్చుని కుట్టింది.

తను కళ్ళు మూశాక కొట్లాటలు రాకూడదని తాత బతికుండగానే పంపకాలు పెట్టించాడు. ఇంటికి పెద్ద చిక్కు రాలేదు, కింద ఒకరికి, పైన ఒకరికి. కొట్టు దగ్గరికి వచ్చేసరికి దస్తావేజు రాసే ఆయన కలం ఆపి, "దీన్నేం చేద్దామండీ?" అన్నాడు. తాత సుద్దముక్క తీసి, వాకిలి నుంచి వెనక గోడదాకా నేల మీద గీత లాగాడు. మళ్ళీ మళ్ళీ కొలుచుకున్నాడు.

"ఈ గోడా, దాని మీదున్నదంతా అబ్బాయికి. ఆ గోడా, దాని మీదున్నదంతా అమ్మాయికి."

కొట్టంతా తనకే వస్తుందని ఆశపెట్టుకున్న కూతురు మూతి ముడుచుకుని, చదవకుండానే సంతకం పెట్టింది. కొడుకు ఎలాగూ ఆ అరల వంక చూసే రకం కాదు. జీవితమంతా ఎడమా, కుడీ అంటూ గడిపిన మనిషికి కూడా ఆ గడియలో గోడలు రెండని గుర్తుంది గానీ, వాటి మీదున్నవి పాదాలని గుర్తు రాలేదు. పైగా బోర విరుచుకుని నలుగురి ముందూ ఒక మాట కూడా అనేశాడు.

"నా పని అయిపోయింది. ఒకరి తరఫున ఇంకొకర్ని అడగడానికి ఇక నేను నోరెత్తను."

కొడుకు ఆ గీత వెంబడే ఛాతీ ఎత్తున చెక్క అడ్డం కొట్టించాడు. ఇవతల కుట్టుపని, అవతల ఫోన్ల కొట్టు రాబోతోంది. మొదటి ఉదయం పోస్ట్‌మ్యాన్ వచ్చాడు. పుట్టుకతోనే ఆయన ఎడమ పాదం లోపలికి తిరిగి ఉంటుంది. ఏ బజారు బూటూ పట్టదు. ఆ చెక్క పాదాన్ని తాత ఏళ్ళ తరబడి సరిచేస్తూ వచ్చాడు, ఒత్తుకున్న చోట తోలుముక్క అతికించి పెంచుతూ, వదులైన చోట గీకుతూ. దాని మీద కుట్టిన బూట్లతోనే ఆయన ఊరంతా తిరిగి ఉత్తరాలు పంచుతాడు.

"అడుగు పూర్తిగా పోయిందమ్మాయ్. కొత్తవి కుట్టాలి," అన్నాడు పోస్ట్‌మ్యాన్.

కూతురి చెయ్యి అలవాటుగా అర మీదికి పోయింది. కుడి పాదం దొరికింది. ఎడమదాని కోసం వెనక్కి తిరిగి, చెక్క అడ్డం ముందు ఆగిపోయింది. అక్కడే మూల కూర్చున్న తాత కూడా అప్పుడే చూశాడు. కుడి గోడ నిండా ఒంటికాళ్ళు. ఎడమ గోడ నిండా ఒంటికాళ్ళు. ఆయన గుండె జారి అరికాళ్ళలోకి వచ్చింది.

"అన్నయ్యే కదమ్మా. అడుగు," అన్నాడు, పోస్ట్‌మ్యాన్ వెళ్ళాక.

"గీత గీసింది నువ్వు. అడుక్కోవలసింది నేనా?" అంది కూతురు. మొండితనంలో తండ్రి వాటా పూర్తిగా ఆమెకే వచ్చింది. అదొక్కటీ ఆయన సగం చెయ్యలేకపోయాడు.

పోస్ట్‌మ్యాన్ కాలు కొలిచి ఆమె కొత్త ఎడమ పాదం చెక్కింది. రాత్రింబగళ్ళు కూర్చుంది, చక్కగానే చెక్కింది. కానీ ఏళ్ళ మీద తెలిసిన కాలు ఒక్క కొలతకి తెలుస్తుందా? ఆ బూట్లు తొడుక్కుని వెళ్ళిన మనిషి కుంటుతూ తిరిగొచ్చాడు. మేజోడుకి రక్తం అంటింది. "పోనీలే అమ్మాయ్, పాతవాటికే ఏదో ఒక అడుగు అతికించు. లాగించేస్తా," అన్నాడు ఆమె ముఖంలోకి చూడకుండా. ఆ తరవాత ఇంకో ఇద్దరు వచ్చి, విషయం విని, మళ్ళీ వస్తామని వెళ్ళారు. ఆమె కూర్చున్న చోటే తోలుముక్కలు వేళ్ళతో తుంచుతూ కూర్చుంది. తాతకి అది చూడబుద్ధి కాలేదు. అయినా నోరెత్తలేదు. మాట అన్నాడుగా!

అసలు పిడుగు ఆ తరవాత పడింది. కొత్తగా హోటలు పెడుతున్న ఒకాయన ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చి ఎడమ గోడని చూసి ముచ్చటపడ్డాడు. హోటలు గోడలకి వేలాడదీస్తే భలే ఉంటుందన్నాడు. జతలు అక్కర్లేదట, చూపుకి బాగుంటే చాలట. కొడుక్కీ గోడ ఖాళీ అయితే సామాను పెట్టుకోవచ్చు. సరేనన్నాడు. మర్నాడు మధ్యాహ్నం వ్యాను వస్తుందని తండ్రికి చెప్పి, "నా వాటాయే కదా," అని తలదించుకుని స్క్రూ తిప్పుకున్నాడు.

మర్నాడు తాత పొద్దుటి నుంచీ కొట్టు ముందు కాలుకాలిన పిల్లిలా తిరిగాడు. లోపల కొడుకు అరలు ఖాళీ చేస్తున్నాడు. గోనెసంచిలో ఒక్కో పాదం పడుతున్న చప్పుడు బయటికి వినిపిస్తోంది. ఏ చప్పుడు ఎవరిదో తాతకి తెలియదు, కానీ పాదాలన్నీ తెలుసు. వాటి మనుషులు తెలుసు. అడ్డానికి ఇవతల కూతురు తల ఎత్తకుండా ఖాళీ సుత్తి కొడుతోంది, దాని కింద తోలు కూడా లేదు. వ్యాను వచ్చి ఈ సంచులు ఎక్కించుకుపోతే ఆమె పని ఇక లేనట్టే. పీట ఉంటుంది, చేతులు ఉంటాయి, కుట్టడానికి కాళ్ళు ఉండవు.

కొడుకు తాడు కోసం వెనక్కి వెళ్ళాడు. తాత అడుగులో అడుగేసుకుంటూ లోపలికి దూరాడు. సంచిలో చెయ్యి పెట్టి తడిమాడు. అతుకుల పాదం, లోపలికి తిరిగినది, చేతికి తగిలింది. దాన్ని చొక్కా కిందికి దోపుకుని రెండడుగులు వేశాడో లేదో, వెనక నుంచి కొడుకు గొంతు వినిపించింది.

"ఏంటి నాన్నా అది?"

తాత తిరిగాడు. చొక్కా కింద నుంచి చెక్క వేళ్ళు బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తున్నాయి.

"ఒక్కటేరా. పోస్ట్‌మ్యాన్‌ది."

"అడగొచ్చుగా?"

"నోరెత్తనని అన్నాను."

"అంటే దొంగతనమైనా చేస్తావు గానీ నన్ను అడగవు," అన్నాడు కొడుకు. గొంతు పెంచలేదు. తాతకి అందుకే ఎక్కువ భయం వేసింది.

తాత ఆ చెక్క పాదాన్ని బయటికి తీసి రెండు చేతులా పట్టుకున్నాడు. "తప్పు చేశానురా. కాళ్ళని మర్చిపోయి గోడలు పంచాను. ఇవి లేకపోతే చెల్లి పని ఆగిపోతుంది. ఇవన్నీ దానికి ఇచ్చెయ్యి."

"ఇస్తాను. మరి నాకేమిస్తావు? సమానం కదా నీ పద్ధతి. గోడంతా వదులుకుంటే నా వైపు ఏం పెడతావు?"

తాత చుట్టూ చూశాడు. పెట్టడానికి ఏముంది? తండ్రి ఇచ్చిన పీట కూతురికీ, సుత్తి కొడుక్కీ రాసిపారేశాడు. ఒంటి మీద బట్టలు తప్ప ఏదీ తనది కాదు.

"నా దగ్గరేం మిగల్లేదు. నీకేం కావాలిరా?" అన్నాడు.

అన్నాక ఆ మాట ఆయన చెవికే వింతగా తగిలింది. ఇన్నేళ్ళలో ఆ పిల్లవాణ్ణి ఎప్పుడూ అడగని మాట అది. కొడుకు కూడా ఉలిక్కిపడ్డట్టు చూశాడు. కళ్ళజోడు తీసి తుడిచాడు.

"ఇది మొదటిసారి వచ్చినప్పుడు గుర్తుందా?"

"ఎందుకు లేదు? ఇద్దరికీ తెచ్చాను."

"అవును, ఇద్దరికీ తెచ్చావు. బళ్ళో అందరూ అన్నాచెల్లెళ్ళు వేషాలేస్తున్నారని నవ్వారు. నాకు బోర్డు కనపడేది కాదు నాన్నా. నిజంగా కనపడేది కాదు. ఆ జబ్బు నా ఒక్కడిదే. దాన్ని కూడా సగం చేసేశావు. ఊళ్ళోవాళ్ళకి కాలికో కొలత తీశావు. మా ఇద్దరికీ కలిపి ఒకటే కొలత."

అడ్డం అవతల సుత్తి చప్పుడు ఆగిపోయింది. పిల్లలకి పెట్టడం చేతకాదని భార్య అన్న మాట తాతకి ఇప్పుడు, ఇంత ఆలస్యంగా, ముల్లులా దిగింది. సరిగ్గా అప్పుడే బయట వ్యాను హారన్ మోగింది. "సిద్ధమేనా బాబూ?" అంటూ హోటలాయన దిగుతున్నాడు.

కొడుకు గబగబా, ఎవరో తరుముతున్నట్టు అన్నాడు. "నాకో జత బూట్లు కావాలి. నువ్వే కొలవాలి. నాకొక్కడికే. దానికొద్దు."

జుట్టు నెరుస్తున్న మనిషి ఆ మాట అని, చెవులు ఎర్రబడి, సంచీకి కట్టిన తాడు విప్పడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు ఆ ఇంట్లో బూట్లంటే రెండు జతలే, ఒకే రోజు, ఒకే తోలు.

హోటలాయన ఊరుకున్నాడా? "మాటంటే మాటేనయ్యా! గోడకి మేకులు కూడా కొట్టించాను!" అని వీధంతా వినేలా అరిచాడు.

"ఆ మేకులకి ఇంకేదైనా తగిలించుకోండి. తప్పు నాదే, మాట తప్పాను," అన్నాడు కొడుకు. ఆయన ఇంకా ఏదో తిడుతూనే ఉన్నాడు. ఇస్త్రీ ఆయన పెట్టె పక్కన పెట్టి మరీ గుమ్మంలోకి వచ్చి చూశాడు. కొడుకు వినిపించుకోకుండా పోస్ట్‌మ్యాన్ పాదాన్ని తండ్రి చేతుల్లోంచి తీసుకుని అడ్డం మీదుగా చాపాడు. అవతల నుంచి రెండు చేతులు వచ్చి దాన్ని అందుకున్నాయి.

ఖాళీ వ్యాను వెళ్ళిపోయాక కొడుకు కుర్చీలో కూర్చున్నాడు. తాత అతి కష్టం మీద మోకాళ్ళ మీద కూలబడి, కింద కాగితం పరిచి, కొడుకు కాలు అరచేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలి పక్కన పెద్ద కాయ కాసి ఉంది. కొట్టుకి వచ్చేవాళ్ళలో ఎవరి కాలికి ఇలాంటిది లేస్తున్నా ఆయన మొదట్లోనే పట్టేసేవాడు. సొంత కొడుకు కాలికి ఇది ఎప్పుడు కాసిందో తెలియదు. సిగ్గుతో ఆయన కళ్ళు మసకబారాయి. పెన్సిలు పట్టుకుని పాదం చుట్టూ గీత గీయసాగాడు.

అడ్డం మీద గడ్డం ఆనించి కూతురు చూస్తోంది. తాత తలెత్తాడు. ఆమె కనబడగానే పెదవులు వాటంతటవే కదిలాయి.

"తల్లీ, నువ్వూ..."

అరచేతిలో ఉన్న కాలు బిగుసుకుంది. మడమ నెమ్మదిగా వెనక్కి జరగడం మొదలుపెట్టింది.

తాత నోరు మూసుకున్నాడు. మిగతా మాట మింగేశాడు.

"నువ్వు పని చూసుకోమ్మా," అన్నాడు.

కూతురు ఒక్క క్షణం ఆయన్నే చూసి, తల ఊపి, వెళ్ళి పీట మీద కూర్చుంది. అవతల తోలు మీద సుత్తి పడింది. కొడుకు కాలు మెల్లిగా మళ్ళీ తండ్రి అరచేతిలోకి వచ్చింది.