దాటనివ్వు తల్లీ

మా ఆయన సూడాన్‌లో టైల్స్ ఫ్యాక్టరీకి పోయిన మూడో ఏడు అక్కడ యుద్ధం మొదలైంది. ఆ దేశపు సైన్యం ఒకవైపు, దానికి ఎదురుతిరిగిన తుపాకుల దళం ఇంకోవైపు. మధ్యలో నైలు నది. ఫ్యాక్టరీ ఉన్న ఒడ్డు ఆ దళం చేతిలో పడింది. యజమానులు ముందే వెళ్ళిపోయారు. ఆయనతో పాటు ఇంకో నలుగురు పనివాళ్ళు లోపలే చిక్కుకున్నారు.

కోరుట్లలో మా ఇంట్లో దీపం పెట్టే వేళకు రోజూ ఆయన వాయిస్ మెసేజ్ వచ్చేది. ఒక పొద్దున, సైన్యం నది దాటి దాడి చేయబోతోందని పేపర్లో చదివాను. బడికి పోకపోయినా మా నాన్న ఇంట్లో పలక మీద నేర్పిన చదువు. ఆ రోజు మాత్రం ఎందుకు నేర్పాడా అనిపించింది. మా దిక్కు గోదావరిని గంగ అనే అంటాం. గంగమ్మా, అక్కడా నువ్వే కదా, నిండుగా పారు, ఎవర్నీ దాటనియ్యకు, నీకు చీర పెడతాను అని మొక్కాను.

"అక్కడి గంగకు నీ తెలుగు సమజైతదా పిల్లా?" అని మా అత్త నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఆ మధ్యాహ్నం ఫోన్ కలిసింది. ఆయనకు మొక్కు సంగతి చెప్పాను.

"పిచ్చిదానా, గట్ల మొక్కకు!" అన్నాడు గొంతు తగ్గించి. "గీ తుపాకులోల్లు గేటు కాడనే ఉన్నరు. ఫౌజు దాటి అస్తెనే మాకు తొవ్వ దొరికేది."

"మరి బాంబులు నీ మీద పడితే ఎట్ల?"

"పడకుంట మొక్కు. తిండికి రంది లేదు. చాయ్ అమ్మే ఆమె పప్పు పంపుతున్నది. ఆమె ఇల్లు గీ ఒడ్డుకే, నది మీది బ్రిడ్జి పక్కన."

ఫోన్ కట్ అయింది. పొద్దున మొక్కిన నోటితోనే దాటనివ్వు తల్లీ అన్నాను. అన్నాక భయం ఇంకా పెరిగింది. వాళ్ళు దాటితే ఆ ఒడ్డున ఏం మిగులుతుందో నాకు తెలియక కాదు.

తర్వాత ఐదు రోజులు మెసేజ్ లేదు. దీపం పెట్టాక ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. అత్త అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, లేచిపోయేది. ఆరో పొద్దున తెలియని నంబరు నుంచి ఆయన గొంతు. "దాటిన్రు. నేను బయటపడ్డ." మేమిద్దరం దేవుడి గూటికి తల ఆనించి ఏడ్చాం. ఆ తల్లికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

ఆయన ఇంటికొచ్చాక ముగ్గురం గోదావరి ఒడ్డున ఉన్న ధర్మపురి పోయాం. సంచిలోంచి రెండు చీరలు తీస్తే అత్త, "ఒక్కటే గదా మొక్కినవ్?" అంది.

"ఇంకోటి ఆ చాయ్ అమ్మే ఆమె పేరు మీద, అత్తమ్మా."

ఆమె ఏమైందని ఆయన్ని అప్పుడే మొదటిసారి అడిగాను. బ్రిడ్జి పక్కన ఇప్పుడు ఇళ్ళు లేవన్నాడు. రెండు చీరలూ నీళ్ళలో వదిలాను. ఆయన కిందికి దిగలేదు. మెట్ల పైనే, నదికి వీపు పెట్టి నిలబడ్డాడు.